రెండో కత్తిరింపు కోసం జపాను మాట

లక్ష్మీకాంతమ్మ పోయాక కూడా అత్వెల్లిలో ఆమె పేరెత్తితే ముందు జపాను ముచ్చటే వస్తుంది.

ఆమె చదివింది ఏడో తరగతి. జపాను భాష నేర్చుకోవడం మొదలుపెట్టినప్పుడు వయసు అరవై ఎనిమిది. ఒకప్పుడు నాలుగెకరాల ద్రాక్ష తోట ఉండేది; అక్కడ అంగూరు అంటారు. కొడుకు దాన్ని ప్లాట్లు చేశాక ఇంటి వెనక పందిరి మీద ఎనిమిది తీగలు మిగిలాయి. అవి కూడా ఏటేటా డీలా పడుతున్నాయి.

ఒకరోజు మనవరాలు ఇషిత ఫోన్లో జపాను ముసలాయన వీడియో కనబడింది. మంచులో నిలబడి అంగూరు తీగ కత్తిరిస్తున్నాడు. దాని మొదలు మనిషి తొడంత లావుంది.

"అరవై ఏండ్ల తీగనట అవ్వా," అంది ఇషిత.

తన తీగలు ఇరవై ఏళ్లకే అలసిపోయాయి. ఈయనది ఎట్లా నిలిచింది?

అత్వెల్లిలో ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు: ఏప్రిల్‌లో తీగ బలానికి, అక్టోబర్‌లో కాయకు. ముసలాయన రెండో కత్తిరింపు ఎలా చేస్తాడో చూద్దామని రెండు నెలలు ఆయన వీడియోలన్నీ వెతికింది. దొరకలేదు. వీడియో తీయడం మరిచిపోయాడనుకుంది. అసలు ఒక్కసారే కత్తిరిస్తాడేమోనన్న అనుమానం చాలా ఆలస్యంగా వచ్చింది. అయితే రెండుసార్లు కత్తిరించి తన తీగలను తానే ముసలివి చేసిందా? వచ్చే ఏప్రిల్‌లో కత్తెర పెట్టాలా, వద్దా? ఆయన్నే అడగాలని జపాను మాట నేర్చుకోవడం మొదలుపెట్టింది.

"ఫోనే తెలుగుల చెప్తది గదా అవ్వా. గింత కష్టమెందుకు?"

"సెప్పింది, 'కొమ్మను నిద్రలో ముగించండి' అని. గదేం మాటనే? ఆయన చెయ్యి ఆడిచ్చుకుంట మాట్లాడుతుండు. చెయ్యి సూసుకుంటనే మాట ఇనాలె."

ముందు సౌండు తీసేసి చూసేది. ఆ చోట తానైతే ఏమనేదో తెలుగులో అనుకునేది. తర్వాత సౌండు పెట్టి, సగం వేగంతో, అదే ముక్క పదిసార్లు. నోటుబుక్కులో తెలుగు అక్షరాల్లో రాసుకునేది: బుదో అంటే అంగూరు, హసమి కత్తెర, ఎద కొమ్మ, ఫుయు చలికాలం. చేతిలో కత్తెర ఉంటేనే మాటలు గుర్తొచ్చేవి. ఖాళీ చేతులతో ఒక్కటీ వచ్చేది కాదు.

చాయ్‌కి వచ్చిన మరిది జైపాల్ నవ్వేవాడు. "ఏంది వదినా, పాస్‌పోర్ట్ జేపియ్యాల్నా?"

"జేపియ్యి. నువ్వు గూడ నేర్సుకో, తోడుకొస్తవు."

"నాకు తెలుగే సక్కగ రాదు వదినా."

మార్చి ఆఖరి ఆదివారం ముసలాయన లైవ్‌లో ప్రశ్నలకు జవాబిస్తాడని తెలిసింది. నోటితో జపానులో చెబితే ఫోనే ఆ అక్షరాల్లో రాసి పంపేలా ఇషిత సర్దిపెట్టింది. ఉదయం పదిన్నరకు లక్ష్మీకాంతమ్మ కత్తెర పట్టుకుని, నాలుగు వారాలుగా కూర్చుకున్న ప్రశ్న అడిగింది: మేం ఏటా రెండుసార్లు కత్తిరిస్తాం, మీరు ఒక్కసారే ఎందుకు? ఫోన్ సగం రాసి ఆగింది. మళ్లీ నెమ్మదిగా అడిగింది. ఈసారి ప్రశ్న ఆయనకు చేరింది.

ముసలాయన కళ్లద్దాలు సర్దుకుని చదివాడు. కాసేపు మాట్లాడాడు. ఆయన ముఖం కూడా ఏదో అడుగుతున్నట్టే ఉంది.

"ఏమంటుండు అవ్వా?"

"ఆగు." చివరిదాకా వింది. "చలికాలంల చెట్టు పండుకుంటదట. పండుకున్నంక కత్తిరిస్తే దానికి తెల్వదట. మీ దిక్కు చెట్టు ఎప్పుడు పండుకుంటది అంటుండు."

"మరి మనం కత్తిరియ్యాల్నా, వద్దా?"

"పండుకోని తీగను ఆయన సూడనే లేదట. ఆయనకేమెరుక."

కత్తిరించాక చిగురు వేసేదాకా పది పన్నెండు రోజులు పందిరి మోడుగా ఉంటుంది. అది నిద్రేనా? నలభై ఏళ్లు అంగూరు పందిళ్ల కిందే తిరిగింది, ఎప్పుడూ గమనించలేదు.

ఏప్రిల్ మొదటివారం ఇషితను వీడియో తీయమని ఏడు తీగలు కత్తిరించింది. ఎనిమిదోదాని దగ్గర ఆగి, ఫోన్ వైపు తిరిగి, నోటుబుక్కు చూడకుండా జపానులో చెప్పింది: దీన్ని కత్తిరించను. పడుకుంటుందో లేదో చూసి చెబుతాను.

ఇషిత ఫోన్ దించబోయింది.

"ఆపకు బిడ్డా. ఆకులు దగ్గరికెల్లి సూపియ్యి. ఇవ్వాళ ఎట్లున్నయో ఆయనకు తెల్వాలె గదా."