ఎనిమిదో నంబరు చొక్కా

ఇంత బరువు మోస్తూ ఇన్నేళ్లు ఎలా బతికావని అడగకండి. బాగానే బతికాను. అదే నాకు మింగుడుపడటం లేదు. ఉద్యోగం చేశాను, కూతురి పెళ్లి చేశాను, తొండియార్‌పేటలో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాను, ఈమధ్యే రిటైరయ్యాను. కానీ ఎవరైనా ఫుట్‌బాల్ మాట ఎత్తితే చాలు, లేచి పక్క గదిలోకి పోతాను. ఆట ఆపేయాల్సి వచ్చినందుకు బాధపడుతున్నానని మా ఆవిడ అనుకుంటుంది. అనుకోనీ.

పోయిన ఆదివారం దావీదు వచ్చాడు. రాయపురంలో ఉంటాడు, చిన్నప్పటి స్నేహితుడు. ఒకే జట్టుకు ఆడినవాళ్లం. చర్చి నుంచి నేరుగా వచ్చి, సంచిలోంచి ప్లాస్టిక్ వేయించిన ఒక కాగితం తీశాడు. మా మూడో డివిజను ఆఖరి మ్యాచికి అచ్చువేసిన ప్రోగ్రాము. నంబర్ల వరసన ఒకవైపు మా పేర్లు, ఇంకోవైపు అవతలి జట్టు పేర్లు, కింద జార్జి టౌన్ తాళ్ల కొట్టు ప్రకటన. మా లీగులో ఇలాంటివి అచ్చువేసే తాహతు ఎవరికుంది? ఆ రోజు ఒక పెద్ద కంపెనీ నుంచి తమ జట్టుకు ఆటగాళ్లను ఏరుకోవడానికి మనిషి వస్తాడని తెలిసి, మా సెక్రటరీ ఆ కొట్టు యజమానిని బతిమాలి వేయించాడు. ఆయన కంట్లో పడితే ఉద్యోగం. మా వీధుల్లో అంతకు మించి ఎవరం ఏం కోరుకున్నాం?

వాళ్ల ఇంట్లో వానకు గోడలు తడుస్తాయట, కాగితం నా దగ్గర భద్రంగా ఉంటుందని ఇచ్చిపోయాడు. అప్పటి నుంచి నాకు స్థిమితం లేదు. ఫ్రిజ్ మీద పెడతాను. తీసి బీరువాలో పెడతాను. మళ్లీ తీసి చూస్తాను. ఎనిమిది పక్కన నా పేరు, పది పక్కన దావీదు పేరు.

జరిగింది చెబుతాను. వానలో ఆడాం, ఒళ్లంతా బురద. ఫస్టాఫ్ అయ్యేలోపు అవతలి జట్టువాడు పట్టుకుని లాగితే దావీదు చొక్కా వీపంతా చిరిగింది. నాకేమో చీలమండ మెలిక పడింది. మా జట్టుకు అదనపు చొక్కాలు లేవు. నేను ఎలాగూ బయట కూర్చోవాలి గనక నా ఎనిమిదో నంబరు విప్పి వాడికిచ్చాను. సెక్రటరీ రెఫరీ చెవిలో ఒక మాట వేశాడు, అంతే. మాకది అలవాటే. అవతలి గోలుపోస్టు దగ్గర టార్పాలిన్ పట్టా కింద కూర్చున్న కంపెనీ ఆయనకు చెప్పాలని ఎవరికీ తోచలేదు.

సెకండాఫ్‌లో దావీదు రెండు గోల్సు కొట్టాడు. ఏం ఆటండీ అది! కుంటుకుంటూ లైను పక్కన నేనూ గంతులు వేశాను. ఆ సంతోషం నిజమైనదే. అది మాత్రం నమ్మండి.

మా జట్టులో ఎవరి చొక్కా వాళ్లే ఇంటికి తీసుకెళ్లి ఉతుక్కోవాలి. మ్యాచి అవగానే వాడు నా చొక్కా నా మీదికి విసిరేసి, తన చిరుగుల చొక్కా తగిలించుకుని పరిగెత్తాడు. సాయంత్రం వాళ్లమ్మకు చేపల బుట్ట మోసిపెట్టాలి మరి. నాకు చలేసి ఆ చొక్కా తొడుక్కున్నాను. అప్పుడే కంపెనీ ఆయన ప్రోగ్రాము పట్టుకుని వచ్చాడు. నా పేరు పక్కన పెన్నుతో గీత గీసి ఉంది. ఇది నువ్వేనా అని తమిళంలో అడిగాడు. అవునన్నాను.

చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నది ఇంతవరకే. పేరు అడిగాడు, నా పేరే గదా, అవునన్నాను, ఇందులో నా తప్పేముంది అని. అది కూడా అబద్ధమే. ఆ రెండు గోల్సూ నువ్వు కొట్టినవేనా అని కూడా అడిగాడు. దానికీ తలూపాను. ఇద్దరం ఒకే ఎత్తు, ఒకే బక్క ఒళ్లు, పైగా మొహాల నిండా బురద. ఆయన నా అడ్రసు రాసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే దావీదు మా గుమ్మం ముందున్నాడు. కంపెనీ ఆయన తన గురించి ఏమైనా అడిగాడా అని. ఎవరూ ఏమీ అడగలేదన్నాను. అప్పుడైనా చెప్పొచ్చు కదా? ఆ క్షణంలో ఇంకా ఏదీ చెయ్యి దాటిపోలేదు. నాకు ఉద్యోగం వచ్చాక, ఫస్టాఫ్‌లో నువ్వు బాగా ఆడినావు గదరా అని అందరికంటే ముందు వాడే అన్నాడు. వీధంతా వాడే మిఠాయి పంచాడు. కంపెనీ జట్టులో కొన్నాళ్లు నానా తంటాలు పడి, మోకాలి వంక చెప్పి ఆఫీసులో కూర్చున్నాను. వాడు మరుసటి ఏడు ఆట మానేశాడు. ఫిషింగ్ హార్బరులో ఐసు దిమ్మలు మోసి మోసి ఇప్పుడు నడుం వంచలేడు.

పోయిన ఆదివారం కాఫీ తాగుతూ వాడు తన పేరు మీద వేలు పెట్టాడు.

"మచ్చా, ఒకటి అడుగుతా, నవ్వబాక. ఆ పొద్దు ఆ కంపెనీ ఆయన నా ఆట చూడనే లేదంటావా?"

"వాన గదరా. ఆడ్నించి ఏం కనపడతాది."

"లేదులే. చూసే ఉంటాడు. నేనే ఆయన కంటికి ఆనలేదు. మనకొచ్చిన ఆట అంతే."

నవ్వి, ఇంకో అరగ్లాసు కాఫీ పోయించుకున్నాడు. నేను వంటింట్లోకి వెళ్లి, అక్కడేం చేయాలో తెలియక పంపు తిప్పి నిలబడ్డాను. వాడి ఉద్యోగం తీసుకున్నానని మాత్రమే ఇన్నాళ్లూ అనుకున్నాను. తనకు ఆట చేతకాదని వాడు ఇన్నేళ్లూ నమ్మాడు. నమ్మించింది నేను. మొన్న మళ్లీ అడిగితే మళ్లీ అబద్ధమే చెప్పాను. ఇప్పుడు నాకు పోయేదేముంది? ఉద్యోగం అయిపోయింది. అయినా భయమే. వాడు ఆదివారం మా ఇంటికి రావడం మానేస్తాడని భయం.

ఆయన చూశాడు. రెండు గోల్సూ చూశాడు. ఆ కొట్టినవాడే కావాలని పట్టా కిందనుంచి లేచి, వానలో గ్రౌండంతా దాటి వచ్చాడు. ఆయన వచ్చింది దావీదు కోసం.

ఈ నాలుగు ముక్కలు రాయడానికి ఈ పొద్దంతా పట్టింది. వాడికి చెప్పే ధైర్యం వస్తుందో రాదో తెలియదు. ఇప్పటికి ఒక్క మనిషికి, మీకు, చెప్పాను. కాస్త ఊపిరి ఆడుతోంది.