కవరులో మోగిన ఫోను

ఆ లాండ్రీలో కొత్తగా చేరినవాళ్లకు ఆవిడ మొదట నేర్పేది ఉతకడం కాదు, జేబులు తడమడం. ఏం దొరికినా విప్పి చూడకుండా కాగితపు కవరులో వేసి, అంటించి, పైన బట్టల రసీదు నంబరు రాయాలి. బట్టలు ఎవరివో వాళ్లే వచ్చి సంతకం పెట్టి తీసుకోవాలి. భర్తకివ్వదు, భార్యకివ్వదు, కన్నతల్లి వచ్చినా ఇవ్వదు. అందుకే వీధంతా ఆవిడను కవర్ల అక్క అంటుంది.

ఓసారి ఒకాయన తన భార్య కోటు జేబులో ఏం దొరికిందో చూపించమని కౌంటరు మీద గుద్దాడు.

“నేను దాని మొగుణ్ణి!”

“కోటు మీరు తొడుక్కుంటారా?”

“నేనెందుకు తొడుక్కుంటాను?”

“మరి జేబు మీదెలా అవుతుందండీ?”

వరసలో ఉన్నవాళ్లు పక్కున నవ్వారు. అతను మళ్లీ రాలేదు. పోతే పోయాడంది అక్క.

ఇలాంటి మనిషికి ముప్పై తొమ్మిదో ఏట ప్రేమ కుదిరింది. అతను బస్సు డ్రైవరు. యూనిఫాం ఇవ్వడానికి వచ్చినవాడు కబుర్లకు ఆగడం మొదలుపెట్టాడు. ఇద్దరూ రిజిస్ట్రారు ఆఫీసులో దరఖాస్తు పెట్టుకున్నారు. పెళ్లికి ఇంకా పద్దెనిమిది రోజులుంది. ఇరవై ఏళ్లు ఒక్కతే బతికిన అక్కకు ఈ పెళ్లి కావాలి. గట్టిగా కావాలి.

ఆ వారం అతని ప్యాంటు జేబులో ఒక చిన్న ఫోను దొరికింది. అతని ఫోను ఆవిడకు తెలుసు. పెద్దది, మూల పగిలింది. ఇది అది కాదు.

ఇస్త్రీ చేసే వదిన చేతిలోని ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేసింది. వరసకు వదినేమీ కాదు, పదేళ్ల స్నేహం.

“ఇంకో ఫోనంటే ఇంకో ఆవిడే. తెరువు.”

“తెరవను.”

“ఇది నీ పెళ్లే తల్లీ, ఊళ్లోవాళ్లది కాదు!”

“ఊళ్లోవాళ్ల జేబుకో న్యాయం, మావాడి జేబుకో న్యాయమా? అడుగుతా. నోరుందిగా.”

కవరు అంటించింది. ఆ తర్వాత ఒకే చొక్కాను మూడుసార్లు మడతపెట్టింది.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్లిన వదిన మెసేజీ పెట్టింది: “ఏడుస్తున్నావా?”

అక్క ఫోను టింగుమంది. వెంటనే కవరూ టింగుమంది.

“లేదు” అని పంపింది అక్క.

“అబద్ధాలకోరు.” ముందు ఫోను, వెనకే కవరు.

“తిన్నావా లేదా?” మళ్లీ ఫోను, మళ్లీ కవరు.

అక్క కూర్చుని తన ఫోనులో సెట్టింగులన్నీ వెతికింది. మన మెసేజీలు ఇంకే పరికరాల్లో తెరిచి ఉన్నాయో చూపించే చోటు ఒకటుందని అంతవరకు ఆవిడకు తెలీదు. అక్కడ తనది కాని ఫోను ఒకటి కనిపించింది. పక్కన ఏడు నెలల కిందటి తేదీ. ఇద్దరూ మొదటిసారి సినిమాకెళ్లిన రోజది. టికెట్లు తీస్తానని అతను ఆవిడ ఫోను అడిగి తీసుకున్నాడు.

ఇంకో ఆవిడ ఎవరూ లేరు. ఆ ఫోనులో ఉన్నది తనే.

సాయంత్రం అతను వచ్చాడు. అక్క కవరు ఎదుట పెట్టి, తన ఫోనులో ఆ తేదీ చూపించింది. ముందు తెల్లబోయాడు, ఆ వెంటనే నవ్వేశాడు.

“దొరికిపోయానన్నమాట! చూడు, నీ మెసేజీలన్నీ చదివా. ఒక్క తప్పు లేదు. నీలాంటి మనిషి నూటికొకరుంటారు. అది తేలాకే కదా పెళ్లికి సరేనన్నా!”

మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడతను.

“రొమ్ములో గడ్డ తగిలిందని వదినకు రాశాను” అంది అక్క. “నీకు చెప్పడానికి మూడు వారాలు ధైర్యం కూడగట్టుకున్నా. చెప్పినరోజు అప్పుడే విన్నట్టు కళ్లనీళ్లు పెట్టుకున్నావు.”

“అదీ... ఇదివరకు ఒకత్తె నన్ను మోసం చేసింది. నాకు భయం ఉండదా?”

“భయం ఉంటే చెప్పుకోవాలి. ఆ మూడు వారాలు నా భయం చదువుకుంటూ కూర్చున్నావు. సంతకం పెట్టి నీ కవరు తీసుకెళ్లు. పెళ్లి లేదు.”

ఆ సంగతి తెలిసి పిన్ని ఫోను చేసింది. “ప్రేమున్నచోటే అనుమానం ఉంటుందే పిచ్చిదానా, సర్దుకుపో.” ఈ ఒక్క మాట మన ఇళ్లలో ఎందరు ఆడవాళ్ల నోరు నొక్కిందో! ఒకప్పుడు ఉత్తరాలు చించి చదివేవారు, ఇప్పుడు చించాల్సిన పని కూడా లేదు. కాపలాకు ప్రేమ అని పేరు పెట్టడం మాత్రం మారలేదు. “సర్దుకోను పిన్నీ” అని అక్క ఫోను పెట్టేసింది. ఆ రాత్రి బాగా ఏడ్చింది. తెల్లారాక రిజిస్ట్రారు ఆఫీసుకెళ్లింది.

దరఖాస్తు వెనక్కి తీసుకునే కాగితం మీద కారణం రాయాలి.

“వ్యక్తిగతం అని రాసేయండక్కా, చాలు” అంది గుమాస్తా అమ్మాయి.

“చాలదమ్మా.” అక్క కుదురుగా రాసింది: నాకు చెప్పకుండా ఏడు నెలలు నా మెసేజీలు చదివాడు.

ఆ అమ్మాయి చదివింది. ముద్ర చేతిలోనే ఉంది, వెయ్యలేదు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, తన ఫోను కౌంటరు మీదుగా ముందుకు జరిపింది.

“ఇది... ఎక్కడ చూడాలక్కా?”

అక్క దాన్ని ముట్టుకోలేదు.

“నీ చేతిలోనే ఉంచుకో. నేను చెప్తా, నువ్వు నొక్కు.”