కుడి భుజం, నిమ్మ డ్రమ్ము

ఉదయం ఆరుంబావుకు టీపొడి డబ్బా కోసం చేయి చాచాను. అది పై అరలో ఉండేది. పొద్దున టీ మా ఆయనే పెట్టేవారు. పొడగరి కాబట్టి డబ్బాను తన ఎత్తుకు తగ్గట్టు పెట్టుకున్నారు. ఆయన పోయి అప్పటికి నాలుగు నెలలైనా నేను దాని చోటు మార్చలేదు. ఆ రోజు నా కుడిచేయి భుజం ఎత్తుకు లేచి ఆగిపోయింది. ఎడమచేత్తో డబ్బా దించి, స్టవ్ పక్కన గట్టు మీద పెట్టుకున్నాను.

నరం పట్టేసిందనుకుని నూనె రాసుకున్నాను. నెల తిరిగేసరికి జడ వేసుకోలేకపోయాను. జాకెట్టు తొడుక్కోవడం పెద్ద పనైంది. అప్పుడు ఆసుపత్రికి వెళ్ళాను.

ఆర్థో డాక్టరు ఎక్స్‌రే చూసి, "ఎముకంతా బాగుండాదమ్మా. ఇది ఫ్రోజన్ షోల్డర్, కీలు బిగుసుకుపోతాది. షుగర్ చూపించుకున్నారా?" అని అడిగారు. చూపించుకోలేదు. షుగర్ ఉన్నట్టు నాకు ఆ రోజు పరీక్షల్లోనే తెలిసింది. మాత్రలు రాసి, భుజానికి ఇంజెక్షన్ చేసి, ఫిజియోథెరపీకి పంపారు.

అక్కడి అమ్మాయి వేళ్ళను గోడ మీద పైకి పాకించమని నేర్పింది. ఇంట్లో రోజూ చేయాలని చెప్పింది. నేను రిటైరైన టీచర్ని. ఆ జబ్బు గురించి దొరికినవన్నీ చదివాను. చదివినంత శ్రద్ధగా చేయి కదిలించలేదు. ఇంజెక్షన్‌తో నొప్పి తగ్గగానే ఫిజియోథెరపీ కూడా మానేశాను. చేయి మునుపటికన్నా బిగుసుకుంది.

"ఇట్లనే ఉంటే అనస్థీషియా ఇచ్చి జాయింట్ కదిలించాల్సొస్తాది. రెండు నెలలు చూద్దాం" అన్నారు డాక్టరు. అది మామూలు పనేనని కూడా చెప్పారు. మా ఆయన్నూ గుండె ఆపరేషన్‌కు మత్తిచ్చి లోపలికి తీసుకెళ్ళారు. ఆ తర్వాత ఆయన గొంతు నేను మళ్ళీ వినలేదు. ఆ సంగతి డాక్టరుకు చెప్పకుండా ఇంటికొచ్చాను. ఆ ఆపరేషన్ బల్ల మీద నేను పడుకోలేనని మాత్రం నాకు తెలుసు.

పక్కింటి లక్ష్మీదేవక్కది కంబదూరు వైపు. మాట మెత్తగా చెప్పడం ఆమెకు రాదు.

"ఎక్సర్‌సైజులు చేస్తాండావా?"

"చేస్తాండానక్కా."

"అబద్ధాలు చెప్పొద్దు టీచరమ్మా. నీ గోడ నిన్న సున్నం కొట్టినట్టుండాది. ఒక్క వేలి మరక లేదు. ఆదివారం మా మిద్దె మీదికి రా. నీ చేతికి పని చెప్తాం."

మా ఊళ్ళో మిద్దెల మీద మొక్కలు పెంచేవాళ్ళకు ఒక సంఘం ఉంది. ప్రతి ఆదివారం ఒకరి మిద్దె మీద కలుస్తారు. వచ్చినవాళ్ళు ఆ ఇంటి నీళ్ళు ఖర్చు చేయకూడదని అక్కడ ఒక కట్టుబాటు. మా వీధికి కొళాయి రోజు విడిచి రోజు వస్తుంది. అందుకని ఎవరికి వారు బియ్యం కడిగిన నీళ్ళు ఒక సీసాలో తెచ్చి, తమకు తోచిన మొక్కకు పోస్తారు. కండక్టరుగా చేసి రిటైరైన ఓబులేసన్న మెట్ల మీద నిలబడి "టికెట్టు, టికెట్టు" అంటూ సీసాలు చూస్తాడు. మొదటి రోజు నేను ఒట్టి చేతులతో వెళ్ళాను. నన్ను కిందికి పంపి, సీసాతోనే రానిచ్చాడు.

లక్ష్మీదేవక్క తన బీరతీగను నాకు అప్పగించింది. రోజూ సాయంత్రం వెళ్ళి దాని కొసను తాడుకు కట్టేదాన్ని. తీగ పైకి పోయేకొద్దీ నా చేయీ పోవాల్సి వచ్చేది. నొప్పి ఉండేది. అయినా కట్టకపోతే తీగ వాలిపోతుంది. ఒకరు వంకాయ నారు ఇచ్చారు, ఇంకొకరు ఎండకు వల కట్టడం నేర్పారు. మా ఆయన పోయిన సంగతి అందరికీ తెలుసు. అయినా ఎవరూ జాలి ముఖం పెట్టలేదు. ఆయన నిమ్మచెట్టుకు ఏ ఎరువు వేసేవారని అడిగారు. ఆయన గురించి అంత హాయిగా నేను చాలా రోజుల తర్వాత మాట్లాడాను.

ఆ నిమ్మచెట్టు మా మిద్దె మీద సగానికి కోసిన డ్రమ్ములో ఉంటుంది. ఆయన పెట్టిందే. మిగతా కుండీలకు రోజు విడిచి రోజు నీళ్ళు పోసి, దానికి మాత్రం రోజూ పోసేదాన్ని. అయినా ఆకులు పసుపెక్కి వాలిపోయాయి.

డాక్టరు పెట్టిన గడువు దగ్గర పడుతుండగా మా మిద్దె వంతు వచ్చింది. అందరూ వచ్చి తలో వైపు చూస్తున్నారు. కాసేపటికి నిమ్మ డ్రమ్ము నిండి పొర్లి, నీళ్ళు మెట్ల దాకా పారాయి.

"ఏమక్కా, డ్రమ్ములో చెరువు కట్టిండావా?" అన్నాడు ఓబులేసన్న. "అనంతపురంలో చెట్టు మునిగి చచ్చిందంటే ఎవురన్నా నమ్ముతారా? దీనికి నీళ్ళు పోసినోళ్ళు చెయ్యెత్తండప్పా."

ఒకరి తర్వాత ఒకరు అందరూ ఎత్తారు. వాడిన ఆకులు చూసి, అది ఎవరి చెట్టో తెలిసి, ఎవరికి వారు చప్పుడు కాకుండా సీసా వంచేశారు. మా సీమలో దేని మీద జాలి కలిగినా ముందు దానికి నీళ్ళే పోస్తాం. పొద్దున నేనూ పోశాను. బడిలో ఎంతోమంది పిల్లలతో చేతులెత్తించినదాన్ని, నాదీ ఎత్తాను.

లక్ష్మీదేవక్క డ్రమ్మును చూడటం లేదు. "టీచరమ్మా, అది ఏ చెయ్యి?"

కుడిచేయి. చెవి దాటి పైకి ఉంది.

"దించొద్దు, దించొద్దు. అన్నా, చూసినావా?"

"చూసినా. చెట్టు మునిగితే మునిగె, చెయ్యి తేలిందిలే" అన్నాడు ఓబులేసన్న. అందరూ నవ్వారు. నేను ఏడుస్తూ నవ్వాను. చేయి మాత్రం దించలేదు.

తర్వాత నలుగురు కలిసి డ్రమ్మును పక్కకు వంచారు. అడుగున రంధ్రం మట్టితో పూడిపోయి ఉంది. ఇనుప చువ్వతో పొడిస్తే నల్లటి నీళ్ళు వచ్చాయి. చెట్టును వాడగొట్టింది నా రోజువారీ నీళ్ళే. కొన్ని వారాలకు దానికి కొత్త చిగుళ్ళు వచ్చాయి.

గడువు నాటికి ఆసుపత్రికి వెళ్తే డాక్టరు నా చేయి ఎత్తించి చూసి, "ఏం చేసినారమ్మా?" అన్నారు.

"బీరతీగ కట్టినాను సార్."

"సరే, కడతానే ఉండండి. అనస్థీషియా అవసరం లేదు."

ఇప్పుడు షుగర్ అదుపులో ఉంది. చేయి వీపు వెనక్కి ఇంకా పూర్తిగా పోదు. పైకి మాత్రం పోతుంది. భుజం పట్టేస్తే నూనెతో సరిపెట్టుకోకుండా షుగర్ చూపించుకోండి. నొప్పి తగ్గిన రోజున ఎక్సర్‌సైజులు ఆపకండి. ఒంటరిగా చేయబుద్ధి కాకపోతే, మీ ఊళ్ళో మొక్కలు పెంచేవాళ్ళు ఎక్కడ కలుస్తారో కనుక్కుని వెళ్ళండి. అక్కడ చేయి ఎత్తక తప్పని పని ఏదో ఒకటి ఉంటుంది.

నిమ్మకు వారానికి రెండుసార్లే నీళ్ళు పోస్తున్నాను. టీపొడి డబ్బా మళ్ళీ పై అరలో ఆయన పెట్టిన చోటికే వెళ్ళింది. దాన్ని గట్టు మీద పెట్టడం మానేశాను.