కరసుదాకె నుంచి వెనక్కి

కుసకాబె తొమోయె మా హైస్కూల్లో వంట, కుట్టుపని నేర్పే టీచరు. కొండలంటే ఆమెకు ప్రత్యేకమైన ఇష్టమేమీ లేదు. మొగామి నది ఒడ్డున పుట్టి పెరిగింది కాబట్టి రోజూ కిటికీలోంచి కొండల్ని చూసేది, అంతటితో ఆమెకు సరిపోయేది. ఊళ్ళో గుడి మెట్లకంటే ఎత్తు ఎక్కిన పాపాన ఎప్పుడూ పోలేదు.

అలాంటి మనిషి మెడకు కొండల క్లబ్బు చుట్టుకుంది. ఆమె ప్రసవం సెలవు ముగించుకుని వచ్చేసరికి, తను చూసే వంటల క్లబ్బు పిల్లలు చాలక మూతపడింది. ఆ ఏప్రిల్లోనే కొండల క్లబ్బు చూసే వ్యాయామం మాస్టారు సముద్రం వైపు బడికి బదిలీ అయ్యాడు. మిగతా టీచర్లకు తలా ఒక క్లబ్బు ఉంది. ఖాళీగా కనిపించింది ఆమె ఒక్కతే. "ఒక్క ఏడాది చూడండి చాలు, ఈలోగా ఎవరో ఒకరు వస్తారు" అన్నాడు అప్పటి ప్రిన్సిపాల్.

ఆ ఎవరో ఒకరు రాలేదు. ప్రిన్సిపాళ్ళు మారారు, పిల్లలు మూడేళ్ళకోసారి మారిపోయారు, ఆమె మాత్రం ఉండిపోయింది. ఏటా ఫిబ్రవరిలో, మంచు ఇంకా కిటికీల దాకా ఉండగానే, ఈసారి నన్ను వదిలెయ్యండి అని వెళ్ళి అడిగేది. ఏటా అదే జవాబు, ఈ ఒక్క ఏడాదీ అని. బయటికొచ్చి టీ కలుపుకుని తన బల్ల దగ్గర కూర్చునేది. ఆ మొహం చూసి మేమెవరమూ ఏమైందని అడిగేవాళ్ళం కాదు.

నేను చరిత్ర చెబుతాను. పిల్లల్ని కొండకు తీసుకెళ్ళాలంటే ఇద్దరు టీచర్లు ఉండాలన్న నియమం కోసం రెండో పేరుగా నన్ను వేశారు. వరసలో ముందు ఆమె నడిచేది, చివర నేను నా పాత మోకాలి నొప్పితో కుంటుకుంటూ వచ్చేవాణ్ణి.

ఆ శనివారాలు ఎలా ఉండేవో బయటివాళ్ళకు తెలియదు. తెల్లారకముందే బడి గేటు తీయాలి. గుడారాలు, స్టవ్వులు, కుండలు వ్యానుకెక్కించాలి. ఎలుగుబంటి తిరుగుతోందని మునిసిపాలిటీ వాళ్ళు చెప్పారేమో కనుక్కోవాలి, అది చప్పుడు విని తప్పుకునేలా ప్రతి పిల్ల సంచికీ గంట కట్టి ఉందో లేదో చూడాలి. నీళ్ళ సీసాలతో బరువెక్కించిన సంచులు మోయిస్తూ పిల్లల్ని కొండెక్కించాలి. సాయంత్రం గుడారాలు వేయించి, రేడియోలో వాతావరణం విని పటం గీయించి, అన్నం వండించాలి. జిల్లా పోటీల్లో వీటన్నిటికీ మార్కులుంటాయి. ఆదివారం మధ్యాహ్నం తిరిగొచ్చాక పిల్లలు ఇళ్ళకు పోతారు. బురద గుడారాలు మిగులుతాయి. వాటిని కడిగి కారిడార్లో తీగలమీద ఆరేసేసరికి చీకటి పడేది. సోమవారం ఉదయం బడంతా తడి గుడ్డ వాసన కొట్టేది, ఆమె ఆ వాసనలోనే నిలబడి మైదా పిండి కలపడం నేర్పేది.

వంట దగ్గర మాత్రం ఆమె మొహం కాస్త విచ్చుకునేది. శరదృతువులో నది ఒడ్డున పిల్లలచేత చామదుంపల పులుసు పెట్టించినప్పుడు, సోయా ఎక్కువైందని ఒకడిని, దుంప ఉడకలేదని ఇంకొకడిని దెప్పుతూ కుండ చుట్టూ తిరిగేది. పిల్లలంటే ఆమెకు విసుగు లేదు. ఉన్నదల్లా అలసట. బూట్లు ఎన్నిసార్లు మార్చినా కాలి బొటనవేలి గోరు నల్లబడే ఉండేది.

ఆమె భర్త తకుజి బియ్యపు అప్పడాల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. నోరెత్తి ఏమీ అనని మనిషి. కూతురు కొహరు కిండర్‌గార్టెన్‌కు పోయే రోజుల్లో ఒకనాడు తొమోయెకు జబ్బు చేసి క్లబ్బుకు రాలేకపోయింది. ఆ పిల్ల ఉదయం లేచి తల్లిని చూసి బడి బట్టలు వేసుకుందట. ఇవాళ ఆదివారమే తల్లీ అంటే నమ్మలేదట. "ఆదివారమైతే నువ్వెందుకుంటావ్?" అని అడిగిందట. తొమోయె నాకీ సంగతి నవ్వుతూనే చెప్పింది. నేనూ నవ్వాను.

అసలు చెప్పదలచుకున్నది ఒక అక్టోబరు సంగతి.

ఆ ఏడు క్లబ్బు నాయకురాలు ఇగరాషి చికా. ఆఖరి సంవత్సరం పిల్ల. మాటకారి, మొండిది. క్లబ్బులో చేరిన మొదటి రోజునుంచీ ఆమెకు కరసుదాకె ఎక్కాలని. మా ఊరినుంచి చూస్తే అన్నిటికంటే వెనకగా, నల్లగా కనిపించే కొండ అది. రెండేళ్ళూ వాన అడ్డం వచ్చింది. ఇక ఇది వీడ్కోలు యాత్ర. ఆ వారం ఆకాశం అద్దంలా ఉంది.

ఆ వారమే పరీక్ష పేపర్లు దిద్దడం వచ్చి పడింది. కొహరుకు జ్వరం, తకుజికి రాత్రి డ్యూటీ. తొమోయె పడుకున్నదే తక్కువ. వ్యాను దగ్గర ఆమెను చూడగానే వాయిదా వేద్దామా అన్నాను. "ఎప్పటికి వాయిదా వేస్తాం ముకై గారూ, వచ్చే నెల మంచు పడుతుంది" అంది.

ఎక్కడం బాగానే సాగింది. ఆకులన్నీ ఎర్రబడి ఉన్నాయి. చెట్లు అయిపోయి రాళ్ళు మొదలయ్యేచోట ఒక చదునైన నేల ఉంది, అక్కడ ఆగాం. అక్కడినుంచి శిఖరం దాకా సన్నటి రాతి గట్టు, కొన్నిచోట్ల గొలుసులు పట్టుకుని పోవాలి. పిల్లలు అన్నం ముద్దలు తింటూ కేకలు వేసుకుంటున్నారు. తొమోయె ఒక రాయిమీద కూర్చుని బూటు తాడు కట్టుకోబోయింది. వేళ్ళు ముడి వేయలేకపోతున్నాయి. మూడోసారి విప్పి ఊరుకుంది. తర్వాత లేచి, బయల్దేరేముందు ఎప్పుడూ చేసేట్టే, వేలు చూపిస్తూ పిల్లల్ని లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. ఇంకోసారి లెక్కపెట్టి, అలాగే నిలబడిపోయింది. నేను దగ్గరికి వెళ్ళాను.

"వెనక్కి పోదాం" అంది, పిల్లలందరికీ వినపడేట్టు.

చికా ముందు అది తమాషా అనుకుంది. "టీచర్, శిఖరం అదిగో. గంట కూడా పట్టదు."

"తెలుసు. వెనక్కే పోతాం."

"ఎందుకు? వాన లేదు, గాలి లేదు. ఎవరికీ దెబ్బ కూడా తగల్లేదు కదా."

"నేను తీసుకెళ్ళలేను చికా. సంచులు ఎత్తుకోండి."

నేను తీసుకెళ్తానని అనబోయాను. ఆ గొలుసుల దగ్గర నా మోకాలు ఏం చేస్తుందో నాకు తెలుసు. ఒక్కడు పిల్లల్ని తీసుకుపోకూడదన్న నియమం కూడా ఉంది. నోరు మూసుకున్నాను. చికా సంచి ఎత్తుకుని అందరికంటే ముందు దిగడం మొదలుపెట్టింది. దారిపొడవునా వెనక్కి తిరిగి చూడలేదు.

కింద వ్యాను దగ్గర నిలబడితే కరసుదాకె మొత్తం ఎండలో మెరుస్తూ కనిపించింది. పైనుంచి దిగి వస్తున్న ముసలి దంపతులు, ఈరోజు పైన ఎంత బాగుందో, సముద్రం దాకా కనిపించిందని మా పిల్లలతో చెప్పి పోయారు. సోమవారానికి బళ్ళో ఆమెకు ‘వెనక్కి టీచర్’ అని పేరు పడిపోయింది.

ఆ సోమవారమే చికా తండ్రి ఇగరాషి వచ్చాడు. ఊళ్ళో ఇళ్ళకు గ్యాసు స్టవ్వులు, నీళ్ళ పైపులు బిగించే మనిషి. పెద్ద గొంతు, మంచి మనసు, మొండితనంలో కూతురికి తండ్రే. ప్రిన్సిపాల్ గదిలో నలుగురం కూర్చున్నాం. ప్రిన్సిపాల్ టీ పోయిస్తూ, కొండమీద గాలి ఎప్పుడు ఎటు తిరుగుతుందో ఎవరు చెప్పగలరు, ముందుజాగ్రత్తగా దించి ఉంటారు అన్నాడు. దారి చూపించాడు, ఆమె అవునంటే చాలు.

"గాలి లేదండీ. వాతావరణం చాలా బాగుంది. నేను అలసిపోయాను, అందుకే దించాను" అంది తొమోయె.

ప్రిన్సిపాల్ కప్పు కింద పెట్టాడు. ఇగరాషి మొహం ఎర్రబడింది. "అలసటా? తెల్లారి లేస్తే నేల కింద దూరి పైపులు బిగిస్తాన్నేను. నేనూ అలసిపోతాను టీచరుగారూ. అలసిపోయానని సగం బిగించి వచ్చేస్తానా?"

"అక్కడ ఏడుగురు పిల్లలున్నారు" అంది ఆమె. గొంతు పెంచలేదు. "లెక్కపెడితే ఆరుగురే వచ్చారు. మళ్ళీ లెక్కపెడితే ఎనిమిది మంది అయ్యారు. అందరూ నా కళ్ళ ముందే కూర్చుని తింటున్నారు. ముందున్నది గొలుసుల గట్టు. మీరైతే మీ అమ్మాయిని అలా లెక్క తప్పే మనిషి వెంట పంపుతారా?"

ఇగరాషి సమాధానపడ్డవాడిలా లేడు. మా అమ్మాయి మూడేళ్ళు ఎదురుచూసింది, ఇప్పుడు ఎవరు తీసుకెళ్తారని అడిగాడు. ఇలాగైతే ఇక తన వల్ల కాదని, పిల్లల వెంట పెద్దవాళ్ళు ఇంకొందరు రానిదే ఏ కొండకూ తీసుకెళ్ళనని ఆమె చెప్పింది. ప్రిన్సిపాల్ ఏదో అనబోతే ఇగరాషే అడ్డుపడ్డాడు. "సరే, నేనొస్తాను. ఎంత కష్టమో నేనూ చూస్తాను." అందులో సాయంకంటే పందెమే ఎక్కువ వినిపించింది నాకు.

కరసుదాకె మీద ఆ ఏడు మంచు తొందరగా పడింది. దారి మూసేశారు. కాబట్టి ఇగరాషి వచ్చింది నది అవతలి చిన్న గుట్టకు, కింది తరగతి పిల్లల సాధనకు. చికా రాలేదు. ఆయన కుండలు ఎత్తాడు, గంటలు కట్టాడు, పిల్లలకంటే హుషారుగా గుడారం మేకులు కొట్టాడు. ఒక పిల్లాడికి కడుపునొప్పి వస్తే దగ్గర కూర్చున్నాడు. ఇంకో ఇద్దరు పొట్లాడుకుంటే విడదీశాడు. మర్నాడు బడి దగ్గర పిల్లలు ఇళ్ళకు పరిగెత్తారు. ఆయన కూడా కారు తాళాలు తీశాడు. తొమోయె గొట్టం పట్టుకుని గుడారాల మీద నీళ్ళు కొడుతోంది.

"ఇవి కూడా మీరేనా?"

"మరింకెవరు కడుగుతారు?"

తాళాలు జేబులో వేసుకుని ప్యాంటు మడిచి బ్రష్షు అందుకున్నాడు. కొంతసేపు గీకాక నడుము పట్టుకుని నిలబడ్డాడు. "ఇది ప్రతి వారమా?"

"నెలలో ఒక వారం ఉండదు. పరీక్షలుంటే."

ఆయన క్షమాపణ చెప్పలేదు, మెచ్చుకోనూ లేదు. కానీ ఆ వారంలో పైపులు బిగించడానికి వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ ఈ మాట చెప్పుకొచ్చాడని తర్వాత తెలిసింది. క్లబ్బు పిల్లల తల్లిదండ్రుల్లో ఒకరిద్దరు సాయానికి వచ్చారు, ఇద్దరు ముగ్గురు మొహం చాటేశారు. ఒకావిడ, మా అబ్బాయికి జిల్లా పోటీలో పేరు వస్తుందనుకుంటే ఇలా నీరుగార్చారని ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేసింది. అటూ ఇటూ లాగి చివరికి కొండకు పోయేది నెలకు ఒక్క వారాంతమే అని తేలింది. మరుసటి ఏడు పోటీలో మా బడి చిట్టచివర వచ్చింది.

మొదటి ఖాళీ ఆదివారం ఏం చేశారని అడిగాను. అలవాటుకొద్దీ చీకట్లోనే లేచి అన్నం ముద్దలు కట్టిందట. కట్టాక గుర్తొచ్చిందట. అవి వంటగది బల్లమీద పెట్టి మళ్ళీ పడుకుంటే మధ్యాహ్నం దాటాక మెలకువ వచ్చిందట. తండ్రీ కూతురూ అన్నీ తినేసి, ఆమె లేవకుండా టీవీ గొంతు తగ్గించుకుని కూర్చున్నారట. "అలసట వదిలిపోతుందేమో అనుకున్నాను. ఎంత పడుకున్నా ఇంకా ఉంది" అంది.

చికా చదువు ముగించుకుని సెండాయ్ నగరంలో నర్సింగ్‌లో చేరింది. వీడ్కోలు రోజున అందరితోపాటు వంగి నమస్కరించింది, అంతే. మరుసటి వేసవిలో సూపర్‌మార్కెట్లో టోఫూ దగ్గర తొమోయెకు ఎదురైంది. నేనూ అక్కడే ఉన్నాను. ఆ పిల్ల తప్పించుకుపోలేదు. ముందు నిలబడి, "నాకు ఇంకా కోపంగానే ఉంది టీచర్" అంది.

"ఉంటుంది. నేను కాదనను" అంది తొమోయె.

"రాత్రి డ్యూటీ వేసినప్పుడు మీరు గుర్తొస్తారు. అప్పుడు ఇంకా కోపమొస్తుంది."

తొమోయెకు నవ్వొచ్చింది. ఆ పిల్ల కూడా కొంచెం నవ్వి, బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

రెండేళ్ళ కిందట తొమోయెకు నది ఎగువన ఉన్న బడికి బదిలీ అయింది. కొత్త ప్రిన్సిపాల్ ఏ క్లబ్బు తీసుకుంటారని అడిగితే, ఏదైనా సరే, కూర్చుని చేసేది ఇవ్వమందట. పాత పద్ధతిలో టీ కలిపి అతిథికి అందించడం నేర్పే తేనీటి క్లబ్బు ఇచ్చారు. మొన్న ఫోన్‌లో ఎలా ఉందని అడిగాను. రెండు గంటలు మోకాళ్ళు మడిచి కూర్చోవాలని, లేచేటప్పుడు పిల్లలు చెరో చెయ్యి పట్టుకుని లేపుతున్నారని చెప్పింది. ఆదివారం మాత్రం ఇంట్లోనే ఉంటోందట. కొహరు ఇప్పుడు పెద్దదైంది, వాలీబాల్ ఆడుతోంది, ఆదివారాలు ఇంట్లో ఉండడం లేదట.