మా బావ రాజీనామా

డెబ్బైల్లో మా బావ, అంటే అక్క మొగుడు, బెజవాడలో మా నాటక సమాజానికి పెద్ద. ఒక ఏడాది చల్లపల్లి నాటక పోటీలకు కథ ఇచ్చింది మాత్రం నేను. పంతొమ్మిదో శతాబ్దంలో దక్షిణ అమెరికాలో పశువుల కాపరిగా మొదలై, స్పెయిన్ సైన్యాన్ని తరిమి, దేశాధ్యక్షుడైన ఒక జనరల్ జీవితాన్ని లైబ్రరీలో కూర్చుని చదివాను. సాయంత్రాలు బ్యారేజీ మీద నడుస్తూ బావకు చెప్పాను. తనతో కలిసి యుద్ధం చేసినవాళ్ళే ఎదురు తిరిగితే, మళ్ళీ రక్తం పారకూడదని జనరల్ పదవి వదిలేశాడని చెప్పినప్పుడు బావ కళ్ళు తుడుచుకున్నాడు. ఆ వేషం నాదే అనుకున్నాను.

"నీది గుమాస్తా గొంతురా. గుర్రం కూడా మాట వినదు," అన్నాడు బావ, అందరి ముందూ.

నాకు కొత్త అధ్యక్షుడి వేషం ఇచ్చారు. ఆఖరి రంగంలో బావ తన భుజం మీది అధ్యక్షుడి పట్టీ తీసి నాకు వేస్తాడు. అప్పుడు నేను, "మీరు గెలిచిన దేశాన్ని నేను ఓడిపోనివ్వను," అనాలి. నాటకం మొత్తానికి నాకున్న మాట అదొక్కటే. రోజూ అద్దం ముందు నిలబడి చెప్పుకున్నాను.

పెళ్ళి బ్యాండు వాళ్ళ దగ్గర అద్దెకు తెచ్చిన ఎర్ర కోటులో బావ స్టేజీ ఎక్కగానే, "పెళ్ళెవరిదండీ?" అని వెనకనుంచి ఎవరో కేకేశారు. బావ చలించలేదు. ఆఖరి రంగానికి జనం కిక్కురుమనడం లేదు. రాజీనామా మాటలు చెప్పి, పట్టీ తీసి నా భుజాన వేశాడు. నేను నోరు తెరిచాను.

"వన్స్ మోర్!"

మా వైపు జనం వన్స్ మోర్ అంటే నటుడు కాదనకూడదు. బావ నా మీది పట్టీ లాక్కుని మళ్ళీ అధ్యక్షుడై, మళ్ళీ రాజీనామా చేశాడు. ఈసారి ఇంకా బాగా చేశాడు, అది ఒప్పుకుంటాను. మళ్ళీ వన్స్ మోర్. ఇంకోసారి పట్టీ నా మీద పడుతుండగా, టైమైపోయిందని గంట కొట్టి తెర దించేశారు.

తిరుగు బస్సులో బావ నా పక్కన కూర్చున్నాడు. అతికించిన మీసం ఇంకా తీయలేదు.

"పోనీ ఇక్కడ చెప్పరా. బస్సు నిండా జనమేగా."

"స్టేజీ మీద చెప్పాల్సింది బస్సులో చెప్పను."

"నీ మొండితనం ఆ జనరల్‌కి ఉంటే పదవి వదిలేవాడే కాదు," అని నవ్వి, ఎర్ర కోటు విప్పి నా మీద కప్పాడు. కప్పుకున్నాను.

మర్నాడు అన్నం మానేశాను. మధ్యాహ్నం అక్క కంచం పెట్టి ఎదురుగా కూర్చుంది.

"నేను రాలేదుగా. నాకు చెప్పు నీ మాట."

లేచి నిలబడి, గొంతు పెంచి, ఒక్క అక్షరం తగ్గకుండా చెప్పాను. అక్క అలాగే చూస్తూ ఉంది.

"తర్వాత?"

"తర్వాతేముంది? అంతే."

"ఈ ముక్కకేనా పొద్దుట్నుంచీ పస్తు?" అని అన్నంలో నెయ్యి వేసింది.

బావ మీద కోపం ఆ అన్నంతో పోయింది. అక్క మీదది ఇంకా ఉంది.