వేల్స్ గాయనికి నేను చేసిన సన్మానం

ముందే ఒప్పుకుంటున్నాను, గోరంతను కొండంత చేసి చెప్పడం నా జబ్బు. సగం తీసేసి చదువుకోండి.

మేముండే విదేశపు ఊరు ఓక్‌విల్‌లో మా అమ్మాయీ నేనూ ఒక వేల్స్ గాయని దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకునేవాళ్లం. డెబ్బై దాటిన ఆవిడ ఒకప్పుడు ఒపెరా వేదికలను గడగడలాడించింది. ఒకరోజు నాలుగు వందల మంది విద్యార్థుల ముందు, "మిస్టర్ రావ్, కచేరీలో మీరు పెదాలు కదిపితే చాలు, గొంతు వద్దు" అంది.

"షీ ఈజ్ రైట్, నాన్నా!" అంది నా కూతురు.

పగబట్టాను. అక్కడి మా తెలుగువాళ్ల ఉగాది సభలో పాడమని ఆవిడను పిలిచి, పరిచయ బాధ్యత నేనే తీసుకున్నాను. ఆవిడ పుట్టుకతో మొదలుపెట్టి, ఒక్కో కచేరీకి పావుగంట చొప్పున వర్ణించాను. తర్వాత శాలువాలు, పదకొండు మంది వక్తలు.

"రావుగారూ, భోజనాలు చల్లారిపోతున్నాయండీ!" అని వెనకనుంచి కేక.

చివరికి హాలంతా భోజనాలకు లేచిపోయింది. అప్పుడు ఆవిడ చేతికి మైకిచ్చి, మొదటి వరసలో ఒక్కణ్ణే కూర్చుని పగలబడి నవ్వాను. ఆవిడ శాలువా సర్దుకుని, ఖాళీ కుర్చీలకు తలవంచి, తన తల్లి పాడిన జోలపాటను ఒక్క చరణమూ వదలకుండా పాడింది.

ఇందులో నేను పూర్తిగా కల్పించింది ఒక్కటే, ఆ నవ్వు.