తోడికోడలి నాలుగు రోజుల పని

ఆ ఆఫీసులో పెద్దకోడలిది ఆరేళ్ల సర్వీసు. నర్సింగ్ కాలేజీల సర్టిఫికెట్లను ఎవరూ దిద్దడానికి వీల్లేకుండా బ్లాక్‌చెయిన్‌లో, అంటే నెట్‌వర్క్‌లోని ఎన్నో కంప్యూటర్లు కలిసి కాపాడే చిట్టాలో, నమోదు చేసే ప్రోగ్రాం ఆమెది. ఎనిమిది నెలలు కూర్చుని ఒక్కో లైనూ తనే రాసుకుంది. అప్పుడప్పుడూ అది మొరాయించేది. మొరాయించినప్పుడల్లా అందరూ ఆమె కుర్చీ దగ్గరికే వచ్చేవారు. అదీ ఆమెకు ఇష్టమే.

అదే ఆఫీసులో మరిది భార్య చేరింది. "అక్కా, ఇదంతా మనమెందుకు రాసుకోవాలి? ఎవరో రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్, జావాస్క్రిప్ట్ లైబ్రరీ ఉందిగా!" అని, నాలుగు రోజుల్లో మొత్తం తిరగరాసేసింది. మేనేజరు అందరి ముందూ చప్పట్లు కొట్టాడు. ఇంటికెళితే అత్తగారు కూడా, "చిన్నది చురుకే," అంది. పెద్దకోడలికి అన్నం సహించలేదు.

సోమవారం పొద్దున్నే ఆ కోడ్ తెరిచి తప్పు కోసం వెతికింది. దొరికింది. సర్టిఫికెట్ పంపిన మరుక్షణమే తెర మీద 'నమోదైంది' అని వస్తోంది. పంపడం వేరు, నెట్‌వర్క్ దాన్ని ఖాయం చేయడం వేరు. పంపినవాటిలో కొన్ని ఖాయం కాకుండానే పోవచ్చు. ఖాయమయ్యేదాకా ఆగమని లైబ్రరీకి చెప్పడానికి ఒక్క లైను చాలు. ఆ లైనే లేదు.

'తెలివైనదిగా, తనే తెలుసుకోనీ' అనుకుని నోరు విప్పలేదు. ఆ రోజు ఆఫీసు టీ కూడా రుచిగా అనిపించింది.

గురువారం ఒక నర్సు వచ్చింది, ఫైలును రెండు చేతులతో గుండెకు అదుముకుని.

"ఆస్పత్రివాళ్లు నాది దొంగ సర్టిఫికెట్ అంటున్నారండీ. మీ దాంట్లో నా పేరే లేదట. రేపటిలోగా తేల్చకపోతే ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తారట."

తోడికోడలి మొహం పాలిపోయింది. "స్క్రీన్ మీద నమోదైనట్టే ఉందే!" అంటూ కోడ్‌ను పైకీ కిందికీ జరుపుతోంది. పెద్దకోడలు లేచి వెళ్లి ఆ చోట వేలు పెట్టింది.

"ఇక్కడ ఆగాలి. ఖాయమయ్యాకే నమోదైందని చెప్పాలి."

"అబ్బ! ఇంత త్వరగా ఎలా పట్టుకున్నావక్కా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. "సోమవారమే చూశాను," అంది పెద్దకోడలు.

తోడికోడలు ఆమె వంక చూసింది. కుర్చీ పక్కకు జరిపి చోటిచ్చింది. ఇద్దరూ కలిసి ఆ లైను చేర్చారు. అంతకు ముందు పంపినవన్నీ సరిచూసి, నిజంగా చేరలేదని తేలిన పదకొండింటిని మళ్లీ పంపారు. నర్సు పేరు కనపడగానే పెద్దకోడలే ఆస్పత్రికి ఫోన్ చేసి, "తప్పు మాదండీ, ఆ అమ్మాయిది కాదు," అని చెప్పింది. నర్సుకు ఉద్యోగం దక్కింది.

ఆనాటి నుంచి తోడికోడలు "అక్కా" అనడం మాని ఆమెను "మేడమ్" అని పిలవడం మొదలుపెట్టింది, ఇంట్లో కూడా. "వంటింట్లో మేడమ్ ఏమిటే?" అని అత్తగారు బుగ్గలు నొక్కుకుంది.

తర్వాతి పని కూడా మేనేజరు చిన్నదానికే అప్పగించాడు. పెద్దకోడలికి కడుపు మండింది. ఆ మంటతోనే రోజూ దాని కోడ్ తెరిచి వెతికేది. ఏ తప్పు కనపడినా ఆ క్షణమే వెళ్లి చెప్పేది.

"థాంక్స్ మేడమ్," అనేది చిన్నది, తల తిప్పకుండా.